పేరు ఎవరి పేరున

సుశీలకు అనుమానం పుట్టింట్లోనే అబ్బింది. జోగిపేట బజారులో ఆమె తండ్రి కిషన్‌రావుకు ధాన్యం కొట్టు ఉండేది. బస్తా మీద చెయ్యి వేసి "అడుగున తడి గింజ ఉన్నది, విప్పు" అనగలిగిన మనిషి ఆయన. విప్పితే చాలాసార్లు ఉండేది కూడా. ఆ కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని పెరిగిన పిల్ల పెళ్ళయి పటాన్‌చెరు వచ్చి, భర్త ప్రహ్లాద్ పెట్టిన చిన్న కార్ఖానాలో ఆఫీసు కుర్చీ ఎక్కింది. షెడ్డు, మిషన్లు, మనుషులు ఆయనవి. ఉత్తరాలు, ఫోన్లు, కొటేషన్లు ఆమెవి. తన చేతి మీదుగా పోని కాగితాన్ని ఆమె నమ్మేది కాదు. తన చేతి మీదుగా పోయినదాన్ని కూడా రెండోసారి చూసుకునేది.

ఆ కార్ఖానాలో ఫ్లాంజ్‌లు తయారయ్యేవి. రెండు పైపులను కలిపి బోల్టులు బిగించడానికి వాడే చిల్లుల ఇనుప చక్రాలవి. కంపెనీ పేరు శ్రీ భవానీ ఫ్లాంజెస్. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి పేరు. ఆ చుట్టుపక్కల సగం లారీలకూ కిరాణా కొట్లకూ అదే పేరు.

రెండు వేల రెండో సంవత్సరం, వానలు ముదిరిన రోజుల్లో, పూనా నుంచి కులకర్ణి అనే ఆయన ఫోన్ చేశాడు. పెద్ద కంపెనీలో సరుకు కొనే ఆఫీసరు. ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి, ఆ రోజు హిందీలో కాస్త గట్టిగానే అడిగాడు.

"మేడం, మీకు పని అక్కర్లేదా? మూడు ఎంక్వయిరీలు పంపాను. ఒక్కదానికీ జవాబు లేదు."

"ఎంక్వయిరీలా? మాకేం రాలేదు సార్."

"డ్రాయింగులతో సహా మీ సొంత అడ్రసుకే పంపాను. సరే, మరోసారి చూద్దాం."

ఫోన్ పెట్టేశాక సుశీల చాలాసేపు కంప్యూటర్ ముందే కూర్చుంది. మోడెం కీచుమని అరిచి లైను కలిసింది. మెయిళ్ళు వచ్చాయి. వినాయక చవితి శుభాకాంక్షలు, లారీ ఆఫీసువాళ్ళ రెండు ముక్కలు, ఎవరో అమ్మజూపుతున్న పాత జనరేటర్ ప్రకటన. కులకర్ణి పంపింది ఒక్కటీ లేదు. పాత మెయిళ్ళు వెనక్కి తిప్పింది. చాలా రోజులుగా ఏ కంపెనీ నుంచీ ఫ్లాంజ్ కొలతలు గీసిన డ్రాయింగు రాలేదు. పనికిమాలినవన్నీ భద్రంగా వచ్చాయి. పనికొచ్చేవి మాత్రమే రాలేదు.

వట్టిగా పోతే అన్నీ పోవాలి కదా అనుకుంది ఆమె. ఇవి ఏరినట్టు పోతున్నాయి. అంటే ఏరేవాడు ఒకడున్నాడు. వాడికి ఏది శుభాకాంక్షో ఏది ఆర్డరో తెలుసు.

ఆ సొంత అడ్రసు వాళ్ళకు వచ్చి రెండేళ్ళవుతోంది. అంతకుముందు అందరిలాగే ఉచితంగా దొరికే మెయిల్ అడ్రసు వాడేవాళ్ళు. ఈ కులకర్ణే ఒప్పుకోలేదు. "ఎవరైనా ఏ పేరుతోనైనా తెరవగల అడ్రసుకు మా డ్రాయింగులు పంపం, మీ కంపెనీ పేరుతో ఒకటి పెట్టుకోండి" అన్నాడు. దానికి ముందు ఇంటర్నెట్‌లో కంపెనీ పేరును రిజిస్టర్ చేయించాలని, దాన్ని డొమైన్ అంటారని అప్పుడే తెలిసింది. ఆ పని మీద ప్రహ్లాద్ తమ ఫోర్‌మన్ యాదగిరిని పంపించాడు. యాదగిరిది బీరంగూడ. అక్కడ సూర్యారావు అనే ఆయన, పక్కనున్న పెద్ద ప్రభుత్వ కార్ఖానాలో స్వచ్ఛంద విరమణ తీసుకుని, ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాడు. వారం తిరక్కుండానే భవానీఫ్లాంజెస్ డాట్ కామ్ పని చేయడం మొదలుపెట్టింది.

మెయిల్ పెట్టించడానికి వచ్చిన సూర్యారావుకు సుశీల రెండు షరతులు పెట్టింది. మెయిల్ తెరిచే పాస్‌వర్డ్ తనకొక్కదానికే తెలియాలి. ఇంకోటి, ఆఫీసు కంప్యూటర్‌లోకి దించుకున్న ప్రతి మెయిలూ అక్కడ, ఇంటర్నెట్‌లో అది ముందు వచ్చి పడే డబ్బాలో కూడా ఉండిపోవాలి.

"ఇక్కడ పోతే అక్కడుండాలె. రేపు ఎవరన్న పంపలేదంటే చూపెట్టాలె గద" అంది.

"మీ ఇష్టమమ్మా. ఇలా అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు" అంటూ సూర్యారావు ఎక్కడో ఒక టిక్కు పెట్టాడు.

పేరు ఎవరి పేరున రిజిస్టర్ అయిందన్న సంగతి మాత్రం ఆమె అడగలేదు. గేటు మీద బోర్డు ఎవరిదని ఎవరు అడుగుతారు?

తరువాతి దసరా వెళ్ళగానే యాదగిరి పని మానేశాడు. ఒక లోడు ఫ్లాంజ్‌లు వెనక్కి వస్తే, ప్రహ్లాద్ పదిమంది కూలీల ముందు అతణ్ణి అనరాని మాట అన్నాడు. యాదగిరి చేతిగుడ్డ మిషన్ మీద పెట్టి బయటికి నడిచాడు. మళ్ళీ రాలేదు. పాశమైలారంలో షెడ్డు కిరాయికి తీసుకుని రెండు లేత్ మిషన్లు పెట్టాడని, అతనూ ఫ్లాంజ్‌లే చేస్తున్నాడని ఆమె చెవిన పడింది.

మెయిల్‌లో ఏది ఆర్డరో ఏది శుభాకాంక్షో తెలిసినవాడు. సుశీలకు ఆ పేరే తట్టింది. అయినా తండ్రి కొట్లో నేర్చుకున్న పద్ధతి వదల్లేదు. ముందు బస్తా విప్పి చూడాలి.

మరునాడు ఆటో ఎక్కి బీరంగూడ వెళ్ళింది. సూర్యారావు సెంటర్‌లో పిల్లలు పరీక్ష ఫలితాలు చూసుకుంటున్నారు. ఆయన లేచి కుర్చీ వేశాడు. ఆ మర్యాద కూడా ఆమెకు ఎక్కువగానే అనిపించింది.

"మా మెయిళ్ళు ఎవరో తీస్తున్నరు, సూర్యారావుగారూ. డబ్బా పెట్టింది మీరు. తాళంచెవి ఇంకొకటి మీ దగ్గర ఉండకపోతదా?"

ఆయన ముఖం చిన్నబోయింది. "తీయాలంటే తీయొచ్చమ్మా, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ ఫ్లాంజ్‌లు నేనేం చేసుకుంటాను?"

"మీరు చేసుకోరు. చేసుకునేటోళ్ళకు ఇయ్యొచ్చు గద."

ఆయన కోప్పడలేదు. కంప్యూటర్ తనవైపు తిప్పుకుని ఏదో టైప్ చేశాడు. "ఏ పేరు ఎవరి పేరున రిజిస్టర్ అయిందో లోకంలో ఎవరైనా చూడవచ్చు. మీరే చదవండి."

తెర మీద ఇంగ్లీషు అక్షరాలు ఒకటొకటిగా దిగాయి. భవానీఫ్లాంజెస్ డాట్ కామ్. హక్కుదారు: బి. యాదగిరి. బీరంగూడ అడ్రసు. కింద గడువు తేదీ, వచ్చే నెల్లోనే ఉంది. శ్రీ భవానీ ఫ్లాంజెస్ అన్న మాట ఎక్కడా లేదు. ప్రహ్లాద్ పేరూ లేదు.

"ఇదేంది?" అంది సుశీల. "కంపెనీ మాది. పేరు మాది."

"నేను కాగితం ఇచ్చాను, ఆయన నింపుకొచ్చాడు. నింపినది నింపినట్టు ఎక్కించానమ్మా. ఎవరి పేరున ఉంటే పేరు వాళ్ళదే. గడువు పొడిగించాలన్నా వాళ్ళే. వదిలేస్తే ఇంకెవరైనా తీసుకుపోవచ్చు."

"మెయిళ్ళు గూడ వేరే దిక్కు తిప్పుకోవచ్చునా?"

సూర్యారావు కొంచెం తటపటాయించాడు. "తిప్పుకోవాలంటే... తిప్పుకోవచ్చు."

ఇక ఆమె అక్కడ నిలవలేదు.

ఇంటికొచ్చి చెప్పగానే ప్రహ్లాద్ అదిరిపడతాడని, యాదగిరిని తిడతాడని అనుకుంది. ఆయన అన్నం కలుపుతూ తలెత్తలేదు.

"గట్లనా" అన్నాడు.

"గట్లనా అంటరేంది? మన పేరు ఆయన జేబుల ఉన్నది."

"అప్పుడు నేను సూరత్‌ల ఉన్న. ఫోన్ చేసి మనిషి పేరు అడుగుతున్నరు సేటూ అన్నడు. నీ పేరు రాసెయ్ అన్న. ఇగ అంతే."

"మల్ల మార్పియ్యలేదా?"

"యాదికి రాలేదు."

ఆ మాట అన్న తీరు ఆమెకు నచ్చలేదు. ప్రహ్లాద్‌కు మరపు తక్కువ. ఏ బోల్టు ఏ బేరంలో ఎవరు అమ్మారో పదేళ్ళ తరువాత కూడా చెబుతాడు. ఇదొక్కటే గుర్తుకు రాలేదట. పైగా మజ్జిగ కూడా పోసుకోకుండా చెయ్యి కడిగేసుకున్నాడు. మొగుడు ఏదో దాస్తున్నాడని ఆమెకు ఖాయమైపోయింది. ఏమిటన్నది మాత్రం అంతు చిక్కలేదు. ఆ ఇద్దరూ కలిసి తన వెనకాల ఏమైనా... ఆ ఆలోచన తనకే సిగ్గనిపించి అక్కడికి ఆపింది. కానీ అది పూర్తిగా పోలేదు. పక్కింట్లో వాగే రేడియోలా రెండు రోజులు చెవిలోనే ఉంది.

"వకీలుతోని నోటీసు పంపిద్దాం" అన్నాడు ప్రహ్లాద్ పొద్దున్నే.

"నోటీసు ఇస్తే గడువు దాటేదాకా ఊకుంటడు. పేరు పోతది. నేనే పోత."

"నువ్వెందుకు, వద్దు" అన్నాడాయన గబుక్కున. ఆ గబుక్కున అన్నది కూడా ఆమె మనసులో రాసిపెట్టుకుంది.

పాశమైలారంలో వాన వెలిసి గాలిలో మందుల కంపెనీల వాసన ఘాటుగా కమ్ముకుని ఉంది. యాదగిరి షెడ్డు రోడ్డుకు కాస్త లోపల. బురదలో ఇటుకలు పరిచారు. ఒక బిహారీ పనివాడు లేత్ ముందు నిలబడి ఇనుము చెక్కుతున్నాడు. గోడకు క్లిప్పు పెట్టి డ్రాయింగు వేలాడుతోంది. సుశీల కళ్ళు ముందు దాని మీదే పడ్డాయి. కింది మూలన పూనా కంపెనీ ముద్ర ఉంది.

దొరికాడనుకుంది. కోపం రావలసిన చోట ఏదో నీరసం వచ్చింది. పదేళ్ళు తమ దగ్గర పని చేసిన మనిషి. తమ చిన్నకూతురికి పచ్చకామెర్లైతే సంగారెడ్డి ఆసుపత్రికి మోసుకుపోయినవాడు.

యాదగిరి లోపలి నుంచి వచ్చి ఆమెను చూసి ఆగిపోయాడు. "అక్కా! మీరు ఇట్ల వచ్చిండ్రేంది? కూసోండ్రి, కూసోండ్రి."

"కూసోను. గది ఎక్కడిది?" అని డ్రాయింగు వైపు చెయ్యి చూపింది.

"పూనా కులకర్ణి సార్‌ది. పని ఇచ్చిండ్రు."

"ఎట్ల ఇచ్చిండు? మాకొచ్చిన డ్రాయింగు నీకెట్ల వచ్చె?"

అతను కాసేపు అర్థం కానట్టు చూశాడు. తరువాత అర్థమైంది. ముఖం గట్టిపడింది. "ఆయన ఫోన్ చేసిండు. మీ పాత సేటు దగ్గర పలుకు లేదు, నువ్వు చేస్తవా అన్నడు. చేస్త అన్న. డ్రాయింగు కొరియర్‌ల వచ్చింది. దొంగతనం చేసిన్నంటున్నరా?"

"పేరు నీ పేరున పెట్టుకున్నవు. మెయిల్ ఎటు తిప్పుకోవాలన్నా నీ చేతిలనే ఉన్నది. నేను ఏమనుకోవాలె?"

లేత్ మోత ఆగింది. బిహారీ పనివాడు ఇటే చూస్తున్నాడు. యాదగిరి అతన్ని చాయ్ తాగి రమ్మని పంపేశాడు.

"అక్కా, నేను పోయిన నాడే సేటుకు చెప్పిన. గేటు కాడ నిలబడి చెప్పిన. గా డొమైన్ నా పేరు మీదున్నది, మార్పిచ్చుకోండ్రి, నాకు వద్దు అన్న. ఏమన్నడో తెల్సా? పో, నెత్తిన పెట్టుకుని ఊరేగు అన్నడు."

అన్నం కలుపుతూ తలెత్తని మొగుడు సుశీల కళ్ళముందు కదిలాడు. ఆయన దాచింది ఇదన్నమాట.

"గప్పుడు కోపమొచ్చి ఊకున్న. మొన్న గడువు అయిపోతున్నదని నాకు మెయిల్ వచ్చింది. అరే, నా మీద కోపముంటే ఉండనీ, పేరు పోవద్దు గద అని మీకు రాసిన. సేటుకు కాదు, మీకు. రిజిస్టర్ చేసిన కాయితం స్కాన్ తీసి పెట్టి పంపిన. వాపస్ వచ్చింది. మల్ల పంపిన. మల్ల వాపస్."

"వాపస్ ఎందుకొస్తది? నాకు రోజూ మెయిళ్ళు వస్తున్నయి."

"నాకేం తెల్సు? మీరే నన్ను బంద్ చేసిండ్రనుకున్న."

ఆ మాట నమ్మదగినట్టు లేదు. మనిషి గొంతు మాత్రం నమ్మదగినట్టే ఉంది. కొట్లో తండ్రి ముందు ఒట్లు పెట్టిన రైతుల్లో నిజం చెప్పినవాళ్ళూ ఇలాగే మాట్లాడేవాళ్ళు, చెప్పనివాళ్ళూ ఇలాగే మాట్లాడేవాళ్ళు.

"అయితే ఇప్పుడే నడువు" అంది. "సూర్యారావు దగ్గరికి. నా కండ్ల ముందట పేరు మార్చు."

యాదగిరి గోడకున్న చొక్కా అందుకుని తొడుక్కున్నాడు. "పోదాం పాండ్రి."

బీరంగూడ దాకా ఒకే ఆటోలో వెళ్ళారు. దారిపొడుగునా ఇద్దరూ చెరో పక్కకు చూస్తూ కూర్చున్నారు.

సూర్యారావు వాళ్ళిద్దరినీ కలిపి చూసి ఏమీ అడక్కుండా మూలనున్న కంప్యూటర్ ఖాళీ చేయించాడు. పేరు రిజిస్టర్ చేసిన కంపెనీ సైటు తెరిచి యాదగిరిని కూర్చోమన్నాడు. హక్కుదారే లోపలికి వెళ్ళి మార్చాలి, తాను చేయడానికి వీల్లేదు అన్నాడు. సుశీల కుర్చీ లాక్కుని యాదగిరి భుజం పక్కనే కూర్చుంది. తెరను, అతని వేళ్ళను, మార్చి మార్చి చూస్తోంది. ఇక్కడ పేరు మార్చినట్టు చేసి ఇంకేదో నొక్కితే తనకు తెలియదు. తెలియకపోయినా చూడాలి.

యాదగిరి పాస్‌వర్డ్ దగ్గర ఆగాడు.

"అక్కా, జెర అటు సూడుండ్రి."

"ఎందుకు?"

"పాస్‌వర్డ్."

"ఈ పేరు మాదైనంక ఆ పాస్‌వర్డ్‌తోని నీకేం పని? కొట్టు, నేను ఇక్కడ్నే ఉంట."

"నా సొంత మెయిల్‌కు గూడ గదే పెట్టుకున్న అక్కా. నా సంసారమంతా దాంట్లనే ఉన్నది."

సూర్యారావు నవ్వాపుకోవడానికి దగ్గాడు. సుశీలకు నవ్వు రాలేదు. యాదగిరి ఆమెను నమ్మడం లేదు. ఎందుకు నమ్మాలి? అతని చోట తనుంటే అంతకంటే ముందే అటు తిరగమనేది. ఈ ఆలోచన ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. ఇంతసేపూ అనుమానించడం తన ఒక్కదాని సొత్తు అన్నట్టే ఉంది. ఎదుటి మనిషి కూడా తనను అలాగే చూస్తున్నాడని తోచలేదు.

ఆమె మెల్లగా కుర్చీ తిప్పి గోడవైపు చూస్తూ కూర్చుంది. వెనకాల కీబోర్డు చప్పుడు వినపడుతోంది. తిరిగి చూడాలని మెడ లాగింది. చూడలేదు.

"అయింది. ఇటు తిరుగుండ్రి."

పేజీ తెరుచుకుంది. సంస్థ పేరు అన్న గడి ఖాళీగా ఉంది. మనిషి పేరు దగ్గర యాదగిరి అని ఉంది.

"సంస్థ పేరు రాయకున్నా ముందుకు పోయింది. మనిషి పేరు లేకుంటే పోలేదు" అన్నాడు యాదగిరి. "గప్పుడు గది అంత పెద్ద సంగతి అనుకోలే."

సుశీల ఒక్కో గడి చదివించుకుంది. సంస్థ పేరు శ్రీ భవానీ ఫ్లాంజెస్ అయింది. అడ్రసు కార్ఖానాది. మనిషి పేరు దగ్గర ఆగి, భర్త పేరు చెప్పబోయి, తన పేరు చెప్పింది. గడువు గురించి హెచ్చరిక ఏ మెయిల్‌కు రావాలని అడిగితే, ఈ పేరు మీదే ఉన్న మెయిల్ వద్దని సూర్యారావు అన్నాడు. పేరే ఆగిపోతే హెచ్చరిక కూడా ఆగిపోతుంది కదా. అది సబబుగా తోచి వేరే అడ్రసు ఇచ్చింది. మార్పులు ఒప్పుకున్నట్టు ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. గడువు కూడా అప్పుడే పొడిగించారు. సూర్యారావు మళ్ళీ అందరికీ కనిపించే పేజీ తెరిచి, మార్పు అక్కడ కనబడడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చని చెప్పాడు. ఆ ఒకటి రెండు రోజుల మీద కూడా ఆమెకు అనుమానమే వచ్చింది గానీ నోరెత్తలేదు.

"మెయిళ్ళు ఎటన్న తిప్పినట్టున్నదా, సూడు సార్" అన్నాడు యాదగిరి. "గదొక్కటి నా నెత్తి మీద ఉండొద్దు."

సూర్యారావు వెతికాడు. ఎక్కడా తిప్పలేదు. వచ్చినవన్నీ సుశీల డబ్బాకే వెళ్తున్నాయి.

"మల్ల ఏడ పోతున్నయి?" అంది ఆమె.

"చూద్దాం. యాదగిరీ, ఇక్కణ్ణుంచి అమ్మకు ఒక మెయిల్ కొట్టు."

అతను నమస్తే అక్కా అని రెండు మాటలు కొట్టి పంపాడు. సుశీల పక్క కంప్యూటర్‌లో తన డబ్బా తెరిచి చూసింది. వచ్చింది.

"ఇప్పుడు ఆ స్కాన్ చేసిన కాగితం పెట్టి పంపు."

ఈసారి రాలేదు. కాసేపటికి యాదగిరి తెర మీద ఒక మెయిల్ దిగింది. ఇంగ్లీషులో ఉంది. సూర్యారావు కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివి, సుశీల వైపు తిరిగాడు.

"డబ్బా నిండిపోయిందమ్మా. చిన్న ముక్కలైతే సందులో దూరుతున్నాయి. డ్రాయింగు లాంటి పెద్దది వస్తే చోటు లేక వెనక్కి పోతోంది."

"నిండడమేంది? నేను రోజూ దించుకుంటున్న గద."

"దించుకుంటున్నారు. కానీ అక్కడా ఉండాలన్నారు. రెండేళ్ళ నుంచి వచ్చిన ప్రతి మెయిలూ అక్కడే ఉంది. టిక్కు నేనే పెట్టాను, ఇలా అవుతుందని నేనూ చెప్పి ఉండాల్సింది."

సుశీల తెర వైపు చూసింది. పాత జనరేటర్లు, పండగ శుభాకాంక్షలు, రద్దయిన ఆర్డర్లు, కొట్లాడిన ఉత్తరాలు, క్షమాపణ ఉత్తరాలు, వరసగా కిందికి, ఇంకా కిందికి. రేపు ఎవరో కాదంటే చూపెట్టడానికి దాచినవి. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. ఒక్కటీ ఎవరికీ చూపెట్టలేదు. ఏరేవాడు ఎవడూ లేడు. వచ్చినవాళ్ళు వాకిట్లో నిలబడి చోటు లేక వెనక్కి పోయారు.

యాదగిరి ఏమైనా అంటాడేమోనని చూసింది. అతను కిటికీ బయట ఎవరో స్కూటర్ తిప్పుకోవడం చూస్తున్నాడు. తను అతనితో అనవలసిన మాట ఒకటి ఉంది. నోటిదాకా వచ్చింది కూడా.

"చాయ్ తాగుతవా?" అంది చివరికి.

"తాగుత అక్కా."

సూర్యారావు పాతవన్నీ తీసేయమంటారా అని అడిగాడు. సుశీల చాయ్ గ్లాసు కింద పెట్టింది. "సీడీల ఎక్కించి ఇయ్యండ్రి. ఎక్కినయని నేను సూసినంక తీసేయండ్రి." ఈసారి సూర్యారావు నవ్వు ఆపుకోలేదు. యాదగిరి కూడా నవ్వాడు. ఆమెకు కోపం రాలేదు.

మెట్లు దిగుతున్నప్పుడు యాదగిరే మాటెత్తాడు. "పూనా పని వదలను అక్కా. నేను అడిగి గుంజుకోలే, వాళ్ళే ఇచ్చిండ్రు. నా ఇద్దరు పనోళ్ళు దాని మీదనే ఉన్నరు."

"నేను అడుగుతలేను" అంది సుశీల. కాస్త ఆగి, "నీ షెడ్డుకు గూడ సొంత పేరు తీసుకో. కులకర్ణి ఊకోడు. తీసుకునేటప్పుడు సంస్థ గడి ఖాళీ పెట్టకు" అంది.

"మీరు పక్కన కూసుంటరా?"

"కూసుంట. పాస్‌వర్డ్ దగ్గర గోడ దిక్కు సూస్త."

రోడ్డు మీద సంగారెడ్డి బస్సు హారన్ కొట్టింది. అతను చెయ్యెత్తి ఆపి, పరుగెత్తి ఎక్కాడు.

ఆఫీసుకొచ్చేసరికి ప్రహ్లాద్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసి ఏమైందని అడగలేదు. కంప్యూటర్ పక్కన కూర్చుని ఆమె మొత్తం చెప్పింది, డబ్బా సంగతితో సహా, తన తప్పు ఎక్కడుందో అక్కడ దాచకుండా. ఆయన వింటూ స్టేప్లర్ తీసి, మూసి, తీసి, మూసి చేశాడు.

"గేటు కాడ నేనన్న మాట చెప్పిండా?" అన్నాడు చివరికి.

"చెప్పిండు."

"నీకు చెప్తే నన్నే తిడ్తవని ఊకున్న."

"తిడ్తుంటి" అంది సుశీల. "ఇప్పుడు గూడ తిడ్త. కాని ముందు మీరు పాశమైలారం పోండ్రి. పది మంది ముందట అన్నరు. ఒక్కడి ముందటనన్నా వాపస్ తీసుకోండ్రి."

ఆయన అప్పుడు కదల్లేదు. ఆ వారమంతా ఆ ఊసెత్తలేదు. కులకర్ణికి ఆమె ఉత్తరం రాసింది. తప్పు తమ వైపే ఉందని, డబ్బాలో చోటు లేక వెనక్కి పోయాయని. వెనక్కి వచ్చిన మెయిళ్ళను తమ ఆఫీసులో ఎవరూ తెరిచి చూడలేదని, ఇప్పుడు ఆ పని వేరేచోట సాగుతోందని, కొత్తదేదైనా ఉంటే పంపుతానని ఆయన మర్యాదగా జవాబిచ్చాడు. ఎప్పుడు పంపుతాడో చెప్పలేదు. వేరే కంపెనీల డ్రాయింగులు ఒకటొకటిగా రావడం మొదలైంది. వచ్చిన ప్రతిసారీ ఆమె డబ్బా తెరిచి ఎంత నిండిందో చూసుకునేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రహ్లాద్ ఉతికిన చొక్కా వేసుకుని, ఎక్కడికని ఆమె అడగకముందే స్కూటర్ తీశాడు. పొద్దు వాలాక వచ్చాడు. చెప్పుల నిండా ఆ షెడ్డు దారి బురద. బయట బకెట్లో నీళ్ళు ముంచుకుని కాళ్ళు కడుక్కుంటూ, "వాని రెండో లేత్ కొంచెం ఊగుతున్నది, పునాది సరిగ్గ పొయ్యలే" అని మాత్రం అన్నాడు.

ఇంకేం మాట్లాడుకున్నారో సుశీల అడగలేదు. అడగకుండా ఉండడం కష్టంగానే ఉంది. వంటింట్లోకి వెళ్ళి ఆయనకు చాయ్ పెట్టింది.